వేట గేముల్లో తుపాకీ బానే ఉంది, పిట్టని కొట్టడమే తేడా

కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో సేల్ పడిన ప్రతిసారీ వేట గేములు తక్కువ రేటుకి వచ్చేస్తాయి. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల రూముల్లో ఉండే పిల్లలు, చిత్తూరులో ఇంట్లో పీసీ ఉన్నోళ్ళు కొనేసి ఓ వారం ఆడి చెప్పే మొదటి మాట ఏంటంటే, "గన్స్ మాత్రం సూపర్ రియలిస్టిక్ బ్రో" అని. అందులో సగం నిజమే. బోల్ట్ లాగితే వచ్చే చప్పుడు, ఖాళీ తూటా ఎగిరి పక్కన పడే తీరు, భుజానికి ఆనించే చెక్క బట్ మీద గీతలు, ఇవన్నీ కూర్చోబెట్టి కొలిచి చేసినట్టే ఉంటాయి. జింకనో అడవిపందినో రైఫిల్‌తో కొట్టినంత సేపు ఆ రియలిజం బాగా నిలబడుతుంది కూడా. పక్షుల దగ్గరికొచ్చేసరికి బండారం బయటపడుతుంది, ఎందుకంటే ఎగిరే పిట్టని కొట్టడం ఒక్క గుండు వదిలే రైఫిల్ పని కాదు, ఒకేసారి బోలెడు చిన్న పూసలు వదిలే షాట్‌గన్ పని, ఆ షాట్‌గన్ పని తీరుని గేములో పెట్టడం రైఫిల్‌ని పెట్టడం కంటే చానా కష్టం. కష్టం కాబట్టి దాదాపు అందరూ షార్ట్‌కట్ కొట్టేస్తా ఉంటారు.

ఇక్కడ మనోళ్ళకి ఇంకో చిక్కు ఉంది. అమెరికాలో ఉండే ఆటగాడు సీజన్‌లో లైసెన్స్ తీసుకుని నిజం బాతుల వేటకి పోయి వచ్చి, గేము యాడ తప్పిందో చెప్పగలడు. మనకి ఆ దారి లేదు, ఉండకూడదు కూడా. 1972 వన్యప్రాణి చట్టం వచ్చిన కొత్తల్లో కొన్ని రకాల పక్షులకీ చిన్న జంతువులకీ లైసెన్స్ మీద వేట నడిచేది, 1991 సవరణతో ఆ తలుపు మూసేశారు. చివరికి కాకి కూడా ఒకప్పుడు "వర్మిన్", అంటే చంపినా తప్పు లేని హానికర జీవాలు, అనే లిస్టులో ఉండేది, 2022 సవరణలో ఆ లిస్టునే తీసి పారేశారు. 20 జూల్స్ కంటే తక్కువ పవర్ ఉండే ఎయిర్‌గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు గదా అని కొని, దాంతో బెళవాయినో కముజునో కొడితే మాత్రం కేసే, తుపాకీకి లైసెన్స్ అక్కర్లేకపోవడం వేరు, పిట్టని కొట్టడం వేరు. కాబట్టి మన ఊళ్ళలో చాలామందికి షాట్‌గన్ గురించి తెలిసిందంతా గేముల్లో, సినిమాల్లో చూసిందే, అది తప్పయితే ఆ తప్పు అట్నే తలలో ఉండిపోతుంది.

నిజం షాట్‌గన్ మాత్రం మన కళ్ళ ముందే తిరుగుతా ఉంటుంది. బ్యాంకు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే సెక్యూరిటీ ఆయన భుజానికి చాలాచోట్ల 12 బోర్ డబుల్ బ్యారెల్ ఉంటుంది, లైసెన్స్ కాగితాల భాషలో డీబీబీఎల్. అది పుట్టింది ఎగిరే పిట్టల కోసమే, దొంగల కోసం కాదు. ఈసారి క్యూలో నిలబడినప్పుడు దూరం నుంచే గమనించండి, గొట్టం చివర చిన్న పూస ఒకటి ఉంటుంది, వెనకవైపు గురి చూసే గాడి ఏమీ ఉండదు. వెనక గురి ఎక్కడ అంటే కాల్చేవాడి కన్నే వెనక గురి. చెంప బట్ మీద ప్రతిసారీ ఒకే చోట ఆనాలి, ఆనకపోతే గురి మారిపోయినట్టే, ఆనించినాక కూడా చూపు పూస మీద కాదు, పిట్ట మీద ఉండాలి, అదీ రెండు కళ్ళూ తెరిచి. గేములో దీనికి బదులు స్క్రీన్ నడిమధ్యలో ఒక ప్లస్ గుర్తో చుక్కో పెడతారు. అది కదలదు, వంకరపోదు, చెంప తప్పడం అనేదే ఉండదు. అంటే షాట్‌గన్ నేర్చుకునేవాళ్ళు నెలల తరబడి కష్టపడే విషయాన్ని గేము మొదటి నిమిషంలోనే ఫ్రీగా ఇచ్చేస్తుంది.

పెల్లెట్ల లెక్క చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పక్షులకి వాడే తూటాలో ఒక గుండు ఉండదు, చిన్న చిన్న సీసం పూసలు ఉంటాయి, వాటినే పెల్లెట్లు అంటారు. అమెరికా లెక్కలో 6 నంబర్ అంటే ఒక్కో పూస 2.8 మిల్లీమీటర్లు, 28 గ్రాముల సీసం పట్టే తూటాలో అవి దగ్గర దగ్గర 225 ఉంటాయి. నంబర్ పెరిగే కొద్దీ పూస చిన్నదవుతుంది, ఇది కొత్తవాళ్ళని తికమక పెట్టే విషయం, కొన్ని గేముల మెనూల్లో కూడా ఇది చూసి జనాలు పెద్ద నంబరు కదా అని ఎంచుకుని చేతులు కాల్చుకుంటా ఉంటారు. గొట్టం చివర కొంచెం సన్నగా చేస్తే దాన్ని చోక్ అంటారు. 40 గజాల దూరంలో, అంటే సుమారు 36 మీటర్ల దగ్గర, 30 అంగుళాల వలయం గీసుకుని లెక్కేస్తే, ఏ చోకూ లేని గొట్టం నుంచి ఓ 40 శాతం పెల్లెట్లు అందులో పడతాయి, ఫుల్ చోక్ అయితే 70 శాతం పడతాయి. 225లో 40 శాతం అంటే 90. ఆ వలయం వైశాల్యాన్ని 90తో భాగిస్తే ఒక్కో పెల్లెట్ వాటాకి అటు 7, ఇటు 7 సెంటీమీటర్ల చదరం వస్తుంది. బాతుకైతే అది సరిపోవచ్చు. పూరేడు పిట్ట లాంటి చిన్నదానికైతే ఆ ఖాళీల్లోంచి తప్పించుకునే ఛాన్స్ బాగానే ఉంటుంది, గురి నూటికి నూరు కరెక్ట్ అయినా సరే. పైగా ఇది సగటు లెక్క, నిజంగా కాల్చినప్పుడు పెల్లెట్లు అంత సమానంగా పరుచుకోవు, ఓ చోట గుంపుగా ఇంకో చోట ఖాళీగా ఉంటాయి.

ఫోన్లో బీజీఎంఐ అనే షూటర్ గేము ఆడేవాళ్ళకి చోక్ అనే మాట బాగా తెలుసు, అందులో ఎస్686 అనే షాట్‌గన్ దొరకగానే చోక్ కోసం ఇల్లిల్లూ వెతుకుతారు. ఆ గేములో ఒక షాట్‌కి తొమ్మిది పెల్లెట్లు పోతాయి. ఇది తప్పేం కాదు, మనుషుల మీదో జింకల మీదో వాడే బక్‌షాట్‌లో, డబుల్ జీరో అనే రకంలో, మామూలు తూటాకి తొమ్మిదే ఉంటాయి, ఒక్కోటి 8.4 మిల్లీమీటర్లు. సమస్య ఎక్కడొస్తుందంటే, షూటర్ గేముల కోసం తయారైన ఈ ఎనిమిది పది పెల్లెట్ల పద్ధతినే తెచ్చి పిట్టల వేటలో కూడా పెడితే వస్తుంది. ఆ 30 అంగుళాల వలయంలో పది పెల్లెట్లు పరిస్తే ఒక్కోదానికి మధ్య 20 సెంటీమీటర్ల పైన ఖాళీ ఉంటుంది, దాంట్లో పిట్టకి తగలడం లాటరీయే. ఆటగాడు తిట్టుకుంటాడు. కాబట్టి గేము చేసేవాళ్ళు ఏదో ఒక మోసం చేయక తప్పదు, పిట్ట చుట్టూ కనపడకుండా ఉండే, తగిలిందో లేదో లెక్కేసే డబ్బాని, అంటే హిట్‌బాక్స్‌ని పెద్దది చేయడమో, పెల్లెట్లు విచ్చుకునే కోణం తగ్గించడమో, గురిని కొంచెం పిట్ట వైపు లాగడమో. ఇన్ని వందల పెల్లెట్లని ఒక్కోదాన్ని విడివిడిగా లెక్కేస్తే ప్రాసెసర్ మీద బరువు పడుతుంది అనేది వాళ్ళ వాదన. సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకి 16 మిల్లీసెకన్ల పైన కొంచెమే టైము ఉంటుంది, అందులోనే చెట్లు, నీళ్ళు, గాలి అన్నీ గీయాలి. ఆ వాదనలో న్యాయం ఉంది గానీ వేట గేములో సెకనుకి వంద షాట్లు పడవు గదా, నిమిషానికి ఒకటో రెండో పడితే గొప్ప. ఆ ఒక్క షాట్‌కి 200 పెల్లెట్ల లెక్క ఇప్పటి కంప్యూటర్లకి మరీ మోయలేనిది అంటే నమ్మబుద్ధి కాదు.

అసలు పెద్ద తేడా ఇది కూడా కాదు, లీడ్. పిట్ట ఉన్న చోట కాలిస్తే పిట్టకి తగలదు, పిట్ట పోబోయే చోట కాల్చాలి. గొట్టం దాటేటప్పుడు పెల్లెట్ వేగం సెకనుకి ఓ 400 మీటర్లు, కానీ అది చిన్న గుండ్రని పూస, గాలి దాన్ని గట్టిగా అడ్డుకుంటుంది, 36 మీటర్లు పోయేసరికి వేగం సగం దగ్గరికి పడిపోతుంది. ఆ దూరానికి పట్టే టైము సుమారు 0.12 సెకన్లు. మల్లార్డ్ బాతు గంటకి 65 నుంచి 80 కిలోమీటర్ల స్పీడుతో ఎగురుతుంది, అంటే సెకనుకి 18 నుంచి 22 మీటర్లు. గుణిస్తే పెల్లెట్ చేరేలోపు బాతు రెండు మీటర్ల పైనే ముందుకి వెళ్ళిపోయి ఉంటుంది. బాతు పొడవు ఓ అరవై సెంటీమీటర్లు ఉంటుంది. అంటే బాతు ముక్కు ముందు ఇంకో మూడు బాతులు వరసగా ఉన్నాయనుకుని ఆ చివరిదాని దగ్గర కాల్చాలి. కాల్చి ఆపకూడదు కూడా, తుపాకీ పిట్టతో పాటు తిరుగుతానే ఉండాలి, ట్రిగ్గర్ నొక్కగానే చెయ్యి ఆపేస్తే గుండ్లన్నీ వెనక పోతాయి, కొత్తవాళ్ళు మిస్ అయ్యేది ఎక్కువగా దీంతోనే. ఆ పెల్లెట్లు కూడా పళ్ళెంలాగా ఒకేసారి వచ్చి గుద్దవు, కొన్ని ముందు కొన్ని వెనక, తేనెటీగల గుంపు సాగినట్టు రెండు మూడు మీటర్ల పొడవున వస్తాయి.

చాలా గేముల్లో ఈ 0.12 సెకన్లు అనేదే లేదు. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో స్క్రీన్ మధ్య నుంచి ఒక గీత గీసి ఎవరికి తగిలిందో చూస్తారు, దీన్నే హిట్‌స్కాన్ అంటారు. తగిలితే తగిలింది, అంతే. ఇది ఈ కాలం జబ్బు కాదు, 1984లో నింటెండో డక్ హంట్ నుంచి ఉంది. తొంభైల్లో మన ఊళ్ళలో కూడా ఆ గేము ఉండే నకిలీ టీవీ గేములు ప్లాస్టిక్ తుపాకీతో సహా తిరునాళ్ళలో, ఫ్యాన్సీ షాపుల్లో దొరికేవి. నింటెండో తుపాకీ పని తీరు భలే తెలివైంది. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ ఒక్క ఫ్రేము పాటు నల్లగా అయిపోతుంది, తర్వాత బాతు ఉన్న చోట మాత్రం తెల్ల డబ్బా వెలుగుతుంది, తుపాకీ గొట్టంలో ఉండే సెన్సార్‌కి ముందు చీకటి, తర్వాత వెలుగు కనపడితే తగిలినట్టు లెక్క. ముందు చీకటి ఎందుకంటే ఎవడన్నా తుపాకీని బల్బు వైపు పెట్టి మోసం చేయకుండా. పాత పెట్టె టీవీ పోయి ఎల్ఈడీ టీవీ వచ్చినాక ఆ తుపాకీలు పనిచేయకపోవడానికి కూడా కారణం ఇదే, కొత్త టీవీ బొమ్మని కొంచెం ఆలస్యంగా చూపిస్తుంది, సెన్సార్ ఎదురుచూసే టైముకి తెల్ల డబ్బా రాదు. తుపాకీ పాడైందని అటకెక్కించిన ఇళ్ళు ఎన్నో. చూస్తే ఆ పద్ధతిలో గుండు ప్రయాణమే లేదు, వెలుతురే ఎదురొస్తా ఉంది. పిట్ట మీదికి తుపాకీ పెట్టి నొక్కడం అనే అలవాటు అక్కడ మొదలైంది, నలభై ఏళ్ళు దాటినా గ్రాఫిక్స్ మారాయి గానీ ఆ అలవాటు మాత్రం చాలా గేముల్లో అట్నే ఉంది.

గేము చేసేవాళ్ళ వైపు నుంచి కూడా కొంచెం మాట్లాడాలి, ఎందుకంటే స్క్రీన్ అనేదే ఒక అడ్డం. 1920 పిక్సెళ్ళ వెడల్పు మానిటర్, 90 డిగ్రీల చూపు అనుకుంటే, 36 మీటర్ల దూరంలో ఉన్న బాతు ఆ స్క్రీన్ మీద ఓ 15 పిక్సెళ్ళ పొడవు ఉంటుంది. కముజు అయితే ఎనిమిది, పూరేడు అయితే నాలుగైదు. నాలుగు చుక్కలు కదులుతా ఉంటే ఎవరికి కనపడుతుంది? జూమ్ పెట్టొచ్చు, పెడితే పిట్ట పెద్దగా కనపడుతుంది గానీ పక్కలు కోసుకుపోతాయి, ఎడమ వైపు నుంచి దూసుకొచ్చే గుంపు స్క్రీన్‌లోకి వచ్చి పోయేదాకా తెలియదు. నిజం కంటికి ఆ బాధ లేదు, పక్క నుంచి వచ్చేది కూడా తెలుస్తుంది, రెండు కళ్ళు ఉన్నాయి కాబట్టి దూరం కూడా కొంచెం అంచనాకి వస్తుంది. మౌస్‌కి బరువు లేదు, తుపాకీకి మూడు కిలోల పైన ఉంటుంది, దాన్ని ఒక వైపు తిప్పడం మొదలుపెడితే ఆపడం కష్టం, ఆ కష్టమే నిజానికి సాయం, స్వింగ్ నున్నగా వస్తుంది. మౌస్‌తో అయితే టక్కున లాగి టక్కున ఆపడం అలవాటు, షూటర్ గేముల్లో దానికే చప్పట్లు. అదే అలవాటు నిజం షాట్‌గన్‌తో చేస్తే ప్రతి గుండూ పిట్ట వెనకే.

మన దేశంలో ఈ స్వింగ్‌ని చట్టప్రకారం నేర్చుకునే దారి ఒకటి ఉంది, ట్రాప్ షూటింగ్. మట్టి పళ్ళేలని యంత్రం విసిరితే షాట్‌గన్‌తో పగలగొట్టడం. 2004 ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో వెండి పతకం తెచ్చింది ఈ ఆటలోనే, మన తెలుగోళ్ళకి దగ్గరి పేరు కావాలంటే హైదరాబాద్ కుర్రాడు కైనన్ చెనాయ్, రియో ఒలింపిక్స్‌లో ఆడాడు, 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో ట్రాప్ కాంస్యం, టీమ్ బంగారం తెచ్చాడు. ఒలింపిక్ తూటాలో 24 గ్రాముల సీసం మించి ఉండకూడదు. అయితే మట్టి పళ్ళెం పిట్టకి సరైన నకలు కాదు, పళ్ళెం యంత్రం నుంచి బయటపడినప్పుడే దాని ఫుల్ స్పీడు, ఆ తర్వాత తగ్గుతా పోతుంది. కముజు దీనికి పూర్తిగా రివర్స్, ముందు పొదల్లో పరిగెత్తుతుంది, తప్పదనుకుంటేనే బుర్రుమని లేస్తుంది, లేచినాక స్పీడు పెంచుకుంటా పోయి కొంచెం దూరంలో మళ్ళీ దిగి మళ్ళీ పరిగెత్తుతుంది. గేముల్లో లేచే పిట్టలు ఎక్కువగా పళ్ళెం మాదిరే గీత గీసినట్టు పోతాయి, పిట్ట బొమ్మ తొడిగిన పళ్ళెం అన్నమాట.

పేర్లు పెట్టి చూస్తే ఒక్కో గేము ఒక్కో చోట బాగుంది, ఒక్కో చోట తేలిపోయింది. స్వీడన్ కంపెనీ 2017లో తెచ్చిన ద హంటర్: కాల్ ఆఫ్ ద వైల్డ్‌లో తూటాలకి, జంతువులకి ఒకటి నుంచి తొమ్మిది వరకు క్లాసులు ఉంటాయి, క్లాసుకి మించిన తూటాతో కొడితే స్కోరు పోతుంది, ఆలోచన మంచిదే. దాని వల్ల ఒక వింత కూడా వచ్చింది, బాతు చిన్న క్లాసు కాబట్టి పాయింట్ 22 రైఫిల్‌తో నీళ్ళ మీద కూర్చున్న బాతుని కొట్టినా గేముకి ఇబ్బంది లేదు, చాలామంది అదే చేస్తారు. అమెరికాలో వలస పక్షుల మీద రైఫిల్ వాడటమే నేరం, షాట్‌గన్‌లో కూడా మూడు తూటాల కంటే ఎక్కువ పట్టకూడదు, 1991 నుంచి నీటి పక్షులకి సీసం తూటాలు కూడా నిషేధం. సీసం బదులు స్టీల్ వాడితే అది తేలిక, త్వరగా వేగం తగ్గిపోతుంది, అందుకని రెండు సైజులు పెద్ద పూస వాడతారు. ఈ గొడవంతా వేటలో రోజువారీ విషయం, గేముల్లో దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. అదే గేముకి తర్వాత నేపాల్ మ్యాప్ ఒకటి వచ్చింది, అందులో పులిని, కృష్ణజింకని కూడా కొట్టొచ్చు, కృష్ణజింక మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, తుపాకీ రియలిజం గురించి అంత శ్రద్ధ పెట్టినవాళ్ళు ఇక్కడ చట్టం రియలిజం మాత్రం గాలికొదిలేశారు.

2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వేట గేము కాదు గానీ వేట గురించి మాట్లాడుకునేది ఎక్కువ దాని గురించే. అందులో పిట్టని షాట్‌గన్‌తో కొడితే పనికిరాకుండా పోతుంది, పిట్ట చెడకుండా కావాలంటే చిన్న జంతువులకని ఉండే బాణం వాడాలి. జనాలు దీన్ని మహా రియలిస్టిక్ అంటారు. బక్‌షాట్‌తో పది అడుగుల్లో కొడితే నిజమే, పిట్ట మిగలదు. కానీ పిట్టల తూటా పుట్టిందే పిట్ట చెడకుండా పడటానికి, 36 మీటర్ల దగ్గర ఒక్కో పెల్లెట్‌లో మిగిలేది ఏ రెండు మూడు జూల్సో, అలాంటివి నాలుగైదు తగిలితే పిట్ట పడుతుంది, చీలిపోదు. ఎగిరే పిట్టని బాణంతో కొట్టి చెడకుండా తేవడమే అసలు కల్పన, గేము మొత్తం తలకిందులుగా నేర్పిస్తా ఉంది.

తగిలిన తర్వాత ఏమవుతుంది అనేదాన్ని చాలా గేములు దాటేస్తాయి. వాటిలో రెండే ముగింపులు, పిట్ట ప్రాణం పోయి కింద పడుతుంది, లేదా ఏమీ కానట్టు ఎగిరిపోతుంది. నిజంలో మూడోది ఉంటుంది, ఒకటో రెండో పెల్లెట్లు తగిలి దెబ్బతిని ఎగిరిపోయి ఎక్కడో పొదల్లో పడి చచ్చేది, లేదా రెక్క విరిగి గడ్డిలో దాక్కునేది. పైన చెప్పిన ఖాళీల లెక్క చూస్తే ఇది ఎందుకు జరుగుతుందో అర్థమవుతుంది, వలయం అంచులో పెల్లెట్లు పలచగా ఉంటాయి, పిట్ట ఆ అంచులో పడితే దెబ్బ తగులుతుంది, ప్రాణం పోదు. కుక్కలు వాడేది ప్రధానంగా ఇందుకే, పడిన పిట్ట మనిషి కంటికి కనపడదు. హంటింగ్ సిమ్యులేటర్ 2లో 2020లోనే కుక్కలు పెట్టారు, మంచి పని, కానీ మిగతా చాలా గేముల్లో పడిన పిట్ట మీద మెరిసే గుర్తు వచ్చేస్తుంది, నడిచి వెళ్ళి బటన్ నొక్కితే చాలు. తుపాకీ చప్పుడు మీద ఇంత డబ్బు పెట్టి, ఆ చప్పుడు ఫలితాన్ని మాత్రం శుభ్రం చేసి చూపించడం, అక్కడే రియలిజం అనే మాట మీద అనుమానం వస్తుంది.

గుంపు కదలిక సంగతి మాత్రం మనం తేలిగ్గా చెక్ చేసుకోవచ్చు, తుపాకీ అక్కర్లేదు. పులికాట్ అంచు, నేలపట్టు ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉన్నాయి, 2022లో జిల్లాలు మార్చినాక సూళ్ళూరుపేట వైపు ఇటు కలిసింది. చలికాలంలో ఫ్లెమింగోలు, బాతులు, నేలపట్టు చెరువులో గూడబాతులు, ఓ పూట కట్ట మీద నిలబడితే తెలుస్తుంది, ఒక పిట్ట ఉలిక్కిపడితే పక్కది, దాని పక్కది, అలా అల మాదిరి లేస్తాయి, అన్నీ ఒకేసారి లేవవు, లేచినవన్నీ ఒకే దిక్కుకి పోవు. కొన్ని చుట్టు తిరిగి అక్కడే దిగుతాయి, కొన్ని చెరువు వదిలేసి పోతాయి. గేముల్లో ఒక షాట్ పడితే చెరువు మీద బాతులన్నీ ఒకే బటన్ నొక్కినట్టు లేచి ఒకే దారిలో పోతాయి, కాసేపటికి షెడ్యూల్ ప్రకారం తిరిగొస్తాయి. కాల్ ఆఫ్ ద వైల్డ్‌లో ఒకే చోట ఎక్కువ వేటాడితే జంతువులు ఆ చోటు వదిలేసే ఏర్పాటు ఉంది, అది కొంత నయం.

ఇవన్నీ సరిచేయాలంటే మొత్తం గేము తిరగరాయాల్సిన పని లేదు. స్లొవేకియా వాళ్ళు 2022లో తెచ్చిన వే ఆఫ్ ద హంటర్‌లో రైఫిల్ గుండు పోయిన దారిని వెనక్కి తిప్పి చూసుకునే కెమెరా ఉంది, గుండు ఎక్కడ తగిలింది, లోపల ఏ అవయవం దెబ్బతింది అన్నీ చూపిస్తుంది. అదే పనిని షాట్‌గన్‌కి పూర్తిగా చేస్తే చాలు. మిస్ అయిన షాట్‌ని స్లోగా చూపిస్తే పెల్లెట్ల మబ్బు పిట్ట తోక వెనక మీటరున్నర దూరంలో దాటిపోవడం కనపడుతుంది, మౌస్ ఎక్కడ ఆగిందో కూడా పక్కన గీత గీసి చూపించొచ్చు. ఈజీ మోడ్‌లో పెద్ద హిట్‌బాక్స్ ఉంచుకోమనండి, ఎవరూ కాదనరు, హార్డ్ మోడ్‌లో మాత్రం ఆ 0.12 సెకన్లు, ఆ 225 పూసలు, దెబ్బతిని పొదల్లో పడిన పిట్టని వెతికే పావుగంట, మూడూ పెట్టాలి. ఆ మూడోదానికే ఎక్కువ మంది ఆట ఆపేస్తారు, కంపెనీలకి ఆ భయం ఉన్నంత కాలం అది మెనూలోకి రావడం కష్టమే.